అభ్రకం అరలు మారిన వైనం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు గనుల శాఖలో పనిచేశారు గదా, ఈ మధ్య ఏవో పేటెంటు కాగితాలు తిరగేస్తున్నారట, ఆ సంగతి ఒక అరగంట చెప్పండి" అన్నారు. పేటెంట్లంటే లాయర్ల వ్యవహారమనీ, సైంటిస్టుల గొడవ అనీ మనం దూరంగా ఉంటాం. నా మనవి ఒక్కటే. అది మనకు బాగా తెలిసిన వ్యవహారమే. అది ఒక రిజిస్టరు. రిజిస్టరు చదవడం మనకెవరూ నేర్పనక్కరలేదు.

ఒక రాయికో, లోహానికో, పీచుకో రేపు ఏ కొత్త ఉపయోగం రాబోతున్నదో ఆ రిజిస్టరు చూసి కొన్నేళ్ల ముందే పసిగట్టవచ్చు. ఇది నేను అభ్రకం విషయంలో చూసి తెలుసుకున్నాను. అదే మీకు చెప్పబోతున్నాను.

రిజిస్టరు సంగతి

ముందుగా పేటెంటు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. కొత్త సంగతి కనిపెట్టిన వాడికి ప్రభుత్వం కొంతకాలం, ఇప్పుడు చాలా దేశాల్లో దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, ఇతరులెవరూ అతని అనుమతి లేకుండా దాన్ని వాడుకోరాదని హక్కు ఇస్తుంది. ఊరికే ఇవ్వదు. నువ్వు కనిపెట్టినదేమిటో, ఎలా చేయాలో వివరంగా కాగితం మీద రాసి అందరికీ తెలియజేయాలి అని షరతు పెడుతుంది. దరఖాస్తు పెట్టిన 18 నెలల తర్వాత, మంజూరైనా కాకపోయినా, ఆ కాగితాన్ని ప్రచురిస్తారు. మన దేశంలో పేటెంట్ ఆఫీసు పత్రిక ప్రతి శుక్రవారం వెలువడుతుంది.

అంటే ఏ కంపెనీ అయినా ఒక వస్తువును కొత్త పనికి వాడదలచుకుని, దాని మీద పేటెంటు హక్కు కోరుకుంటే, సాధారణంగా ఆ సరుకు బజారుకు రాకముందే రిజిస్టరులో సంతకం పెట్టాలి. బజారులో మనం చూసే నాటికి ఆ కాగితానికి ఐదేళ్లో పదేళ్లో వయసు వచ్చి ఉంటుంది. ఈ తేడాయే మనకు పనికివచ్చేది.

ఇక ఆ కాగితాలను ఎలా సర్దుతారో చూడండి. మన ఆఫీసులో తపాలు వస్తే ఏం చేసేవాళ్లం? ఇన్వర్డులో ఎక్కించి, కరెంటు నంబరు వేసి, సంబంధిత సీటుకు పంపి, పర్సనల్ రిజిస్టరులో రాసుకుని, చివరకు డిస్పోజల్ అయ్యాక రికార్డు రూములో దాని అరలో పెట్టేవాళ్లం. పేటెంట్లకూ అంతే. 1971లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రపంచమంతటికీ ఒకే వర్గీకరణ ఉంది. ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది పెద్ద బీరువాలు. ఎ అంటే మనిషి నిత్యావసరాలు. సి అంటే రసాయనాలు, లోహాలు. హెచ్ అంటే విద్యుత్తు. ఒక్కొక్క బీరువాలో వందలు వేలుగా అరలు. మొత్తం డెబ్బై వేలకు పైగా ఉపవిభాగాలు. జపాను వాడు రాసినా, జర్మనీ వాడు రాసినా, మన హైదరాబాదు వాడు రాసినా, ఒకే రకం విషయం ఒకే అరలోకి చేరుతుంది. భాష రాకపోయినా అర నంబరు చూసి అది దేని గురించో చెప్పవచ్చు.

ఒక వస్తువు పేరు పట్టుకుని, అది ఏ ఏడాది ఏ అరలో కనబడుతున్నదో గళ్లు గీసి రాసుకుంటూ పొండి. ఇన్నాళ్లూ కనబడని అరలో అది ఒకటి, రెండు, పది అని కనబడడం మొదలైతే, ఆ వస్తువుకు కొత్త పని దొరుకుతున్నదన్న మాట. విద్య అంతా ఇంతే.

మన జిల్లా రాయి

ఇప్పుడు అభ్రకం దగ్గరకు వద్దాం. మైకా అన్నా ఇదే. మన పెద్దలు కాకిబంగారం అనేవారు. సంస్కృతంలో అభ్రమంటే మేఘం. చీనా వారూ జపాను వారూ దీన్ని రాసే రెండక్షరాలకు అర్థం "మేఘాలకు తల్లి" అట. ఎక్కడో పుట్టిన రెండు భాషలు ఒక రాయిని చూసి ఒకే మాట అనుకోవడం నాకు ముచ్చటగా తోచింది.

అభ్రకం గుణం ఏమిటంటే, పొరలు పొరలుగా చీలుతుంది. ఉల్లిపొర కన్న పలచగా చీల్చవచ్చు. వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు, వంచితే విరగదు. ఈ నాలుగు గుణాలూ ఒక్క చోట ఉన్న వస్తువులు ప్రకృతిలో అరుదు. మన దేశంలో దీనికి పేరుపడ్డవి మూడే ప్రాంతాలు. ఇప్పటి జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ; రాజస్థాన్‌లోని భిల్వాడా; మన నెల్లూరు సీమలోని గూడూరు, సైదాపురం, కలిచేడు చుట్టుపక్కల. నెల్లూరు అభ్రకానికి కొంచెం పచ్చని ఛాయ ఉండేది. దాన్ని చూసి ఎక్కడి సరుకో చెప్పేవారు.

మా నాన్నగారు ఒక గనిలో మేస్త్రీ. మా అమ్మ ఫ్యాక్టరీలో అభ్రకం చీల్చి, సైజుల వారీగా వేరుచేసే పనికి వెళ్లేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చేతుల మీదా, చీర కుచ్చిళ్ల మీదా తళుకులు. ఎంత కడిగినా అన్నం కలిపేటప్పుడు ఒక రేణువైనా మెరిసేది. ఆ ఊళ్లలో నా ఈడు వారికి ఇది తెలియని సంగతి కాదు.

మొదటి అర: విద్యుత్తు

రేడియోలో పెద్ద పెద్ద గాజు వాల్వులు ఉండేవి గుర్తుందా? వాటి లోపల తీగలనూ రేకులనూ కదలకుండా పట్టి ఉంచేది చిల్లులు పెట్టిన అభ్రకం బిళ్ల. రేడియో కెపాసిటర్లలో అభ్రకం. మోటార్లలో, జనరేటర్లలో రాగి పట్టీల మధ్య అభ్రకం. ఇస్త్రీ పెట్టెలో తీగ చుట్టేది అభ్రకం రేకు మీదనే. ఇవన్నీ పేటెంటు బీరువాల్లో హెచ్ కింద పడతాయి. హెచ్ 01 బి 3/04 అనే అర అచ్చంగా అభ్రకం ఇన్సులేషన్ కోసమే ఉంది. కెపాసిటర్లకు హెచ్ 01 జి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దీని విలువ ఎంత పెరిగిందంటే, 1942లో బ్రిటనూ అమెరికా కలిసి మన దేశంలో అభ్రకం కొనుగోలుకు ప్రత్యేకంగా ఉమ్మడి మిషన్ ఏర్పాటు చేశాయి. గని కార్మికుల సంక్షేమం కోసం 1946లో ప్రత్యేక చట్టమే వచ్చింది. కలిచేడులో ఆ సంక్షేమ నిధి ఆసుపత్రి ఉండేది. అభ్రకానికి ఢోకా లేదని అందరూ అనుకున్న రోజులవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రిజిస్టరులో ఇంకో సంతకం పడింది. 1948 జూన్‌లో అమెరికాలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్ల మీద ఒక దరఖాస్తు దాఖలైంది. 1950 అక్టోబరులో మంజూరైంది. నంబరు 2,524,035. అది ట్రాన్సిస్టరు. అందులో అభ్రకం అన్న మాట కోసం వెతకనక్కరలేదు. గాజు వాల్వు అవసరం లేకపోతే వాల్వులో బిళ్ల అవసరమూ లేదు. అంతే.

నేను 1971లో ఎల్.డి.సి.గా చేరాను. నాకిచ్చిన సీట్లలో రాయల్టీ రిజిస్టరు ఒకటి. అభ్రకం పద్దులో అంకెలు తగ్గుతూ రావడం నా చేత్తోనే రాశాను. గనుల యజమానులు మార్కెట్టు బాగాలేదన్నారు. కూలీలు యజమాని మోసమన్నారు. పై అధికారులు ఎక్స్‌ప్లనేషన్ అడిగారు. అసలు కారణం ఇరవై ఏళ్ల కిందటే మరో ఖండంలో మరో రిజిస్టరులో అచ్చువేసి ఉంది. అప్పట్లో ఆ రిజిస్టరు మన తాలూకాలో ఎవరికీ అందుబాటులో లేదు. మా నాన్నగారు పనిచేసిన గని మూతపడింది. మా వీధిలో సగం కుటుంబాలు మద్రాసు దారి పట్టాయి.

వస్తువుకు కొత్త ఉపయోగం రావడమే కాదు, ఉన్న ఉపయోగం పోవడం కూడా పేటెంట్లలోనే ముందు కనబడుతుందని చెప్పడానికి ఇది చెప్పాను. ప్రత్యామ్నాయాల సంగతీ అంతే. మనందరి ఇళ్లలో ఫార్మికా బల్లలున్నాయి. 1912 ప్రాంతంలో అమెరికాలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ అనే ఇద్దరు ఇంజనీర్లు విద్యుత్ పనుల్లో మైకాకు బదులుగా వాడవచ్చునని ఒక పదార్థం తయారు చేశారు. ఇంగ్లీషులో "మైకాకు బదులు" అన్న అర్థం వచ్చేలా దానికి ఫార్మికా అని పేరు పెట్టారు. బల్లల మీదికి అది తర్వాత వచ్చింది.

రెండో అర: రంగులు, పౌడర్లు

ఇక మంచి వార్త. వాల్వులు వెనకపడుతున్న కాలంలోనే, 1963లో, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీకి ఒక పేటెంటు మంజూరైంది. నంబరు 3,087,828. కనిపెట్టిన వారు హోవర్డ్ లింటన్. అభ్రకాన్ని పొడిచేసి, ఆ సన్నని రేకుల మీద టైటానియం డయాక్సైడు పూత పూస్తే ముత్యపు మెరుపు వస్తుందని అందులో ఉంది. పూత మందం మారిస్తే రంగు మారుతుంది. సబ్బు బుడగ మీద రంగులు ఎలా వస్తాయో ఇదీ అలాగే.

అంతకు ముందు ముత్యపు మెరుపు కావాలంటే చేపల పొలుసుల నుంచి తీసేవారు, లేదా సీసం కలిసిన రసాయనాలు వాడేవారు. మొదటిది ఖరీదు, రెండోది విషం. ఈ అభ్రకం రంగు వచ్చాక ఆ రెండింటి అవసరమూ తగ్గిపోయింది. ఇప్పుడు కార్ల మీద మెరిసే రంగు, ఆడపిల్లలు కంటిరెప్పలకు వేసుకునే తళుకు, గోళ్ల రంగు, ప్లాస్టిక్ సీసాలు, గోడ కాగితాలు, అన్నింటిలో ఇదే.

ఇక్కడ గమనించవలసింది అర నంబరు. ఈ కాగితాలు హెచ్ బీరువాలో లేవు. సి 09 సి, అంటే రంగు పొడుల అరలో ఉన్నాయి. తర్వాత సి 09 డి, అంటే పెయింట్లు. ఆ తర్వాత ఎ 61 కె, ఎ 61 క్యూ, అంటే ముఖానికి రాసుకునేవి. విద్యుత్తు బీరువాలో పుట్టి పెరిగిన రాయి రసాయనాల బీరువాలోకి, అక్కడి నుంచి నిత్యావసరాల బీరువాలోకి నడిచింది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వాల్వులకు కావలసింది పెద్ద మచ్చలేని రేకు. రంగుకు కావలసింది పొడి. అంటే గని దగ్గర పనికిరాదని పారబోసిన తుక్కుకు విలువ వచ్చిందన్న మాట. మన ప్రాంతంలో గనుల పక్కన గుట్టలుగా పడి ఉన్న ఆ తుక్కును కొండలాగా చూస్తూ పెరిగాం. దాని వైపు తిరిగి చూసిన వారు కొందరే. వస్తువు కొత్త అరలోకి పోతే దాని గ్రేడు మారుతుంది, ధర కట్టే పద్ధతి మారుతుంది, ఏది సరుకో ఏది చెత్తో కూడా మారుతుంది.

మూడో అర: మళ్లీ విద్యుత్తే, కానీ వేరే గది

మా మనవరాలు ఇంజనీరింగులో మెటీరియల్స్ చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు, "తాతయ్యా, నీ మైకా మళ్లీ మొదటి బీరువాలోకే వచ్చింది చూడు" అని ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మళ్లీ వాల్వులు చేస్తున్నారా అమ్మా?" అన్నాను.

"వాల్వులు కాదు, బ్యాటరీలు" అన్నది.

ఆ అర హెచ్ 01 ఎం. ఎలక్ట్రిక్ వాహనాల లిథియం బ్యాటరీలో వందల సెల్లులు పక్కపక్కన ఉంటాయి. ఒక సెల్లు పాడై వేడెక్కి మండితే పక్కదానికి అంటుకుంటుంది, అది ఇంకోదానికి. 2022 వేసవిలో మన దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడిన వార్తలు మీరంతా చదివారు. ఆ మంట ఒక సెల్లు నుంచి మరో సెల్లుకు, బ్యాటరీ నుంచి మనిషి కూర్చునే చోటికి పాకకుండా అడ్డుపెట్టడానికి అభ్రకం రేకులు వాడుతున్నారు. అభ్రకం పొడితో కాగితంలా తయారుచేసి, సిలికోన్ జిగురుతో అదిమి చేసిన రేకులివి. మన ప్రాంతపు ముస్కోవైటు రకం సుమారు 500 డిగ్రీల వేడి వరకు తట్టుకుంటుంది, ఫ్లోగోపైటు అనే మరో రకం ఇంకా ఎక్కువ.

దీనికి చట్టం తోడైంది. బ్యాటరీలో మంట మొదలైతే ప్రయాణికులు దిగిపోవడానికి కనీసం ఐదు నిమిషాల ముందు హెచ్చరిక అందాలని చీనా 2020లో నిబంధన పెట్టింది. మన దేశంలోనూ 2022 చివర నుంచి బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించారు. నిబంధన వచ్చిందంటే దాని వెనుక దరఖాస్తులు వస్తాయి. జీ.ఓ. వచ్చిన మరుసటి వారం తపాలు సంచీ బరువెక్కడం మనకు తెలియనిదా?

ఇంకో ఆనవాలు చెబుతాను. 2021లో ఈ వర్గీకరణలో హెచ్ 01 ఎం 50 అనే కొత్త నంబరు తెరిచారు. సెల్లు పెట్టెలు, కప్పులు, వాటి అమరికలు అందులోకి వస్తాయి. మనం స్టాకు ఫైలు రెండుగా ఎప్పుడు చీల్చేవాళ్లం? కాగితాలు కట్టలో పట్టనప్పుడు. కొత్త అర తెరిచారంటే ఆ విషయంలో పని ముమ్మరంగా ఉందని అర్థం. దరఖాస్తులు ఒక్కొక్కటీ చదవకపోయినా, కొత్తగా ఏ నంబర్లు తెరిచారో చూస్తే చాలు, లోకం ఎటు పోతున్నదో తెలుస్తుంది.

చదివే పద్ధతి

ఈ రిజిస్టర్లు ఇప్పుడు ఇంట్లోనే ఉచితంగా చూడవచ్చు. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వారిది ఎస్పాసెనెట్, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వారిది పేటెంట్‌స్కోప్, గూగుల్ వారిది ఒకటి, మన భారత పేటెంట్ ఆఫీసు వారిది ఒకటి. పిల్లల చేత తెరిపించుకోండి. చూసేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి.

మొదటిది, పేర్లు. మైకా అని ఒక్క మాటే వెతికితే సగం దొరకదు. ముస్కోవైటు, ఫ్లోగోపైటు, సెరిసైటు అనీ, ముత్యపు రంగులు అనీ వెతకాలి. దొరికినవన్నీ మనవి కావు కూడా. మనిషి శరీరంలో ఒక ప్రోటీనుకు ఇంగ్లీషులో అచ్చంగా మైకా అనే నాలుగు అక్షరాల పేరే ఉంది. క్యాన్సరు మందుల పేటెంట్లలో అది కోకొల్లలు. అవి చూసి అభ్రకంతో క్యాన్సరు మందు చేస్తున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు పెన్షనర్ల పి.పి.ఓ.లు తారుమారైనట్టే ఇదీ.

రెండవది, పేరుకు పేరు పడిన వాటిని తీసేయాలి. "టాల్కు గానీ, మైకా గానీ, సుద్ద గానీ కలపవచ్చు" అని జాబితాలో ఒక మాట అనేసే దరఖాస్తులు లెక్కలేనన్ని. అవి సాక్షి సంతకాల వంటివి. హక్కు కోరే భాగంలో, అంటే చివర నంబర్లు వేసి రాసే క్లెయిములలో, ఆ వస్తువు ఉందా లేదా చూడాలి.

మూడవది, ఒకే కనిపెట్టుడు పది దేశాల్లో దాఖలైతే పది నంబర్లు వస్తాయి. అది ఒకే కుటుంబం. రేషను కార్డు ఒకటే, పేర్లు పది. కుటుంబాలు లెక్కపెట్టాలి, తలలు కాదు. అయితే ఖర్చు పెట్టుకుని పది దేశాల్లో వేశాడంటే దాని మీద వాడికి నమ్మకం ఉందని తెలుస్తుంది.

నాలుగవది, ఫీజు. పేటెంటు బతికి ఉండాలంటే మన దేశంలో మూడో ఏడాది నుంచి ఏటా రెన్యువల్ ఫీజు కట్టాలి. కట్టకపోతే ఎల్.ఐ.సి. పాలసీలాగా ల్యాప్స్ అవుతుంది. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు కడుతూ వచ్చాడంటే దాని నుంచి ఆదాయం వస్తున్నట్టు, లేదా వస్తుందని గట్టిగా నమ్ముతున్నట్టు. మూడేళ్లకే వదిలేశాడంటే ఆ కథ కంచికి.

ఐదవది, ఎవరు వేస్తున్నారు. ఒకే యూనివర్సిటీ పది కాగితాలు వేస్తే అది ఇంకా ప్రయోగశాలలో ఉన్నట్టు. కార్ల కంపెనీ, బ్యాటరీ కంపెనీ, జిగురు కంపెనీ ఇలా వేర్వేరు రకాల వారు ఒకే అరలో దిగితే ఆ పని బజారుకు దగ్గరపడినట్టు.

ఈ ఐదూ చూశాక కూడా చివరి 18 నెలల దరఖాస్తులు ఇంకా కవరులోనే ఉంటాయని మరవకూడదు. ఈ ఏడాది అంకె తక్కువగా కనబడితే తగ్గిపోయిందని అనుకోరాదు. వ్యాపార రహస్యంగా దాచుకున్నవి ఎప్పటికీ రిజిస్టరుకు రావు. కాబట్టి నాగపూరులోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వారి వార్షిక గ్రంథంలో ఉత్పత్తి, ఎగుమతి లెక్కలతో సరిపోల్చుకోవాలి. క్యాష్ బుక్కు, పాస్ బుక్కు రెండూ కలిసినప్పుడే ట్యాలీ.

పేటెంటు అనే మాటతో వల

ఇదంతా మనకెందుకు అనే వారికి జవాబు చెబుతాను. కిందటేడు ఒక ఏజెంటు మన సభ్యుల ఇళ్లకు వచ్చాడు. ఎలక్ట్రిక్ వాహనాలకు అభ్రకం రేకులు చేసే ఫ్యాక్టరీ పెడుతున్నాం, మాకు పేటెంటు ఉంది, గ్రాట్యుటీ డబ్బులో ఐదు లక్షలు పెడితే నెలనెలా ఇంత ఇస్తాం అన్నాడు. రంగుల పుస్తకంలో పేటెంటు నంబరు అచ్చువేసి ఉంది. ఇద్దరు సభ్యులు చెక్కు రాయడానికి సిద్ధపడి, ఎందుకైనా మంచిదని నన్ను అడిగారు.

నంబరు పెట్టి చూశాం. అది పేటెంటు నంబరు కాదు, దరఖాస్తు నంబరు. ప్రచురణ అయింది, పరీక్షకు కూడా కోరలేదు. దరఖాస్తుదారు పేరు ఆ కంపెనీది కాదు. క్లెయిములలో ఉన్నది నేల పలకలకు వేసే పూత. బ్యాటరీ అన్న మాటే లేదు. ఇంత తెలుసుకోవడానికి పట్టింది ఇరవై నిమిషాలు, అందులో పది నిమిషాలు నా కళ్లజోడు వెతుక్కోవడానికి. ఏజెంటును ఇదే అడిగాం. మళ్లీ రాలేదు.

ఆ ఏజెంటు చెప్పిన దాంట్లో ఒక ముక్క నిజం. బ్యాటరీలలో అభ్రకానికి కొత్త ఉపయోగం వస్తున్న మాట నిజమే. ఆ నిజాన్ని ముందు పెట్టి వెనక అబద్ధం అమ్మాడు. ఉపయోగం పెరగడం వేరు, ఫలానా కంపెనీ బాగుపడడం వేరు. రిజిస్టరు మొదటిదే చెబుతుంది. రెండోది చెప్పదు. కాబట్టి ఎవరు పేటెంటు అన్నా మూడు ప్రశ్నలు అడగండి. దరఖాస్తా, మంజూరా? ఎవరి పేరు మీద? ఫీజు కట్టి బతికి ఉందా? ఈ మూడూ ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి.

రిజిస్టరులో లేని సంగతి

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పేటెంటు కాగితం వస్తువు ఎటు పోతుందో చెబుతుంది, దాన్ని తవ్వే మనిషి ఏమవుతాడో చెప్పదు. కంటిరెప్పల తళుకు వెనక జార్ఖండ్, బీహారు తుక్కు గుంటల్లో చిన్నపిల్లలు అభ్రకం ఏరుతున్నారని, గుంటలు కూలి చచ్చిపోతున్నారని 2016లో పత్రికలు బయటపెట్టాయి. ఆ తర్వాత 2017లో సౌందర్య సాధనాల కంపెనీలు, రంగుల కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి బాధ్యతాయుత అభ్రకం కోసం ఒక సంస్థ పెట్టుకున్నాయి. కొన్ని కంపెనీలు కొలిమిలో తయారుచేసే కృత్రిమ అభ్రకానికి మారాయి. ఆ కృత్రిమ అభ్రకం కూడా రిజిస్టరులో బాగా కనబడుతున్నది. అది తెల్లగా ఉంటుంది, మరింత వేడికి ఆగుతుంది. అంటే గని అభ్రకానికి బ్యాటరీల వల్ల ఒక వైపు తలుపు తెరుచుకుంటుంటే, రంగుల వైపు తలుపు మెల్లగా మూసుకుంటున్నదేమోనని చూస్తూ ఉండాలి. మన పెద్దల తరానికి ఈ రెండు తలుపులూ కనబడలేదు. మన పిల్లలకు కనబడాలి.

అందుకని సంఘానికి నాదొక ప్రతిపాదన. మన ఆఫీసు గదిలో కంప్యూటరు ఉంది. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం మన మనవలను, మనవరాండ్రను పిలుద్దాం. మంగంపేట ముగ్గురాయి కావచ్చు, గరివిడి మాంగనీసు కావచ్చు, భీమునిపట్నం ఇసుక కావచ్చు, మీ మీ ప్రాంతపు వస్తువు ఒకటి తీసుకుందాం. వాళ్లు వెతుకుతారు, మనం గళ్లు గీసి రాద్దాం. పదేళ్లకు ఒక వరస చొప్పున ఏ అరలో ఎన్ని. రెండు నెలల్లో ఒక పేజీ తయారవుతుంది. దాన్ని మన పత్రికలోనే వేద్దాం. ఆ ఊళ్లలో పనిచేసే వారికి, చదువుకునే పిల్లలకు అది ఉపయోగపడుతుంది. ముప్పై అయిదేళ్లు రిజిస్టర్లు రాసిన చేతులు మనవి. ఈ పనికి మనకన్నా తగిన వారెవరు?

 వచ్చే శనివారం రాదలచిన వారు కార్యదర్శి గారి వద్ద పేరు రాయించండి. సెలవు.